కైరో కుర్రవాడు చూసిన నక్షత్రం, ఎక్స్‌రేలు చెప్పిన సంగతి

హిజ్రీ 396, షాబాన్ నెలవంక రోజులు. క్రీస్తుశకంలో చెప్పాలంటే 1006 ఏప్రిల్ చివర, మే మొదట్లో. దక్షిణ ఆకాశంలో, అంతకుముందు ఏమీ లేని చోట, శుక్రగ్రహాన్ని మించిన వెలుగుతో ఒక నక్షత్రం కనిపించింది. దాని కాంతి నేల మీద వెన్నెలలా పడిందని అరబ్బు చరిత్రకారులు రాశారు. ఇరాక్‌లో నిలబడి ఖిబ్లా వైపు తిరిగితే ఎడమ పక్కన ఉందని గుర్తు కూడా చెప్పారు. చైనాలో, జపాన్‌లో ఆస్థాన పండితులు దాన్ని దస్తావేజుల్లోకి ఎక్కించారు. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ మఠంలో క్రైస్తవ సన్యాసులు, కొండల మీదుగా అతి కిందుగా కనిపించినా, చూసి రాసుకున్నారు. ఇబ్న్ సీనా కూడా తన ‘కితాబ్ అల్ షిఫా’లో దాన్ని ప్రస్తావించాడు. మనిషి రాసిపెట్టిన చరిత్రలో ఇంతకంటే ప్రకాశంగా వెలిగిన నక్షత్రం మరొకటి లేదు.

వీళ్ళందరిలోకీ శాస్త్రవేత్తలకు ఎక్కువ పనికొచ్చిన రాత ఒక కుర్రవాడిది. పేరు అలీ ఇబ్న్ రిద్వాన్. మన వాడుకలో రిజ్వాన్ అంటాం. ఈజిప్టులో గీజా అతని ఊరు. తండ్రి రొట్టెలు కాల్చి అమ్మేవాడు. గురువులకు ఇచ్చుకోవడానికి డబ్బు లేక పుస్తకాలు ముందు పెట్టుకుని తనంతట తానే చదువుకున్నాడు. పొట్ట గడవడానికి జాతకాలు చెప్పాడు. తర్వాతి కాలంలో ఈజిప్టు వైద్యులందరికీ పెద్ద అయ్యాడు. నక్షత్రం కనిపించిన నాటికి వయసు 18 ఏళ్ళ చుట్టుపక్కల. పెద్దవాడై టాలెమీ గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ, చదువు మొదలుపెట్టిన రోజుల్లో చూసిన ఆ వింతను గుర్తు చేసుకున్నాడు. అది శుక్రుడికి రెండున్నర నుంచి మూడు రెట్లు పెద్దగా కనిపించిందనీ, చంద్రకాంతిలో పావు వంతు కంటే కాస్త ఎక్కువ వెలుగు ఇచ్చిందనీ లెక్క కట్టాడు. అంతటితో ఆగలేదు. ఆ రోజు సూర్యచంద్రులు, గ్రహాలు ఏ రాశిలో ఎన్నో డిగ్రీలో ఉన్నాయో వరుసగా రాశాడు. ఆ స్థానాలను పట్టుకుని ఈనాటి పండితులు వెనక్కి లెక్క వేస్తే తేదీ కచ్చితంగా తేలింది: 1006 ఏప్రిల్ 30.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇలాంటి సంచికల్లో ‘ఇదంతా మనవాళ్ళే ఎప్పుడో కనిపెట్టేశారు’ అని రాసెయ్యడం సులువు. చదివేవాళ్ళకూ బాగానే ఉంటుంది. మేం అలా రాయడం లేదు. అది ఏమిటో ఇబ్న్ రిద్వాన్‌కు తెలియదు. యుద్ధాలు, కరువులు రాబోతున్నాయనడానికి సూచన అనుకున్నాడు. అతను కారణం చెప్పిన చోట తప్పాడు, కొలిచిన చోట మాత్రం తప్పలేదు. వెయ్యేళ్ళ తర్వాత నిలిచింది ఆ కొలతే. అది ఎందుకు పనికొచ్చిందో చెప్పాలంటే ముందు మరో కథ చెప్పుకోవాలి.

ఈ పేజీ మీ చేతిలో ఉన్న ఈ క్షణంలో, ఆకాశం నుంచి వస్తున్న కణాలు మీ అరచేతి గుండా సుమారు సెకనుకు ఒకటి చొప్పున దూసుకుపోతున్నాయి. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు మన గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే తునకలు అవి. విశ్వకిరణాలను మొదట పట్టుకున్నది ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్. 1912 ఆగస్టు 7న ఆయన బెలూన్ తొట్టిలో కూర్చుని 5 వేల మీటర్లకు పైగా ఎగిరాడు. పైకి పోయేకొద్దీ రేడియేషన్ తగ్గుతుందనుకుంటే అది పెరిగింది. అంటే నేలలోంచి కాదు, పైనుంచే వస్తోందన్నమాట. ఈ పనికి ఆయనకు 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ‘పైనుంచి’ అంటే ఎక్కడి నుంచి? ఆ ప్రశ్నకు నూరేళ్ళు దాటినా పూర్తి జవాబు రాలేదు.

కారణం ఉంది. విశ్వకిరణాలు కిరణాలు కావు, కణాలు. వాటిలో అత్యధికం ప్రోటాన్లు. వాటికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి నక్షత్రాల మధ్య ఉన్న అయస్కాంత క్షేత్రాలు వాటిని వంచుతూ, తిప్పుతూ ఉంటాయి. భూమిని చేరేసరికి అవి వచ్చిన దారికీ పుట్టిన చోటుకూ సంబంధమే ఉండదు. పంపినవారి చిరునామా చెరిగిపోయిన ఉత్తరం లాంటివి అవి. ఎన్ని పట్టుకున్నా ఎక్కడివో చెప్పవు.

ఎక్స్‌రేలు, గామా కిరణాలు అలా కాదు. అవి కాంతి జాతివే. వాటికి ఆవేశం లేదు, కాబట్టి తిన్నగా వస్తాయి. మన కంటికి ఆనే కాంతికీ వాటికీ తేడా శక్తిలోనే ఉంది. కంటికి కనిపించే ఒక కాంతి కణంలో ఉండే శక్తి 2, 3 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎక్స్‌రే కణంలో అది వేలల్లో ఉంటుంది. గామా కణంలో లక్షల్లో మొదలై లక్ష కోట్లు కూడా దాటిపోతుంది. విశ్వకిరణాలను తయారుచేసే కార్ఖానా ఎక్కడ ఉందో అక్కడి నుంచి ఇలాంటి కాంతి కూడా వెలువడి తీరాలి. కాబట్టి ఉత్తరం మీద చిరునామా లేకపోయినా, పోస్టాఫీసు దీపం కనిపిస్తుందేమో చూడొచ్చు.

చిక్కేమిటంటే ఆ దీపం నేల మీదికి కనపడదు. మన నెత్తిన ఉన్న గాలి మొత్తం బరువు పది మీటర్ల లోతు నీళ్ళ బరువుతో సమానం. ఎక్స్‌రేలు దాన్ని దాటి రాలేవు. రాగలిగితే భూమి మీద ప్రాణి మిగిలేది కాదు, అది వేరే సంగతి. అందుకే ఈ శాస్త్రం రాకెట్ల కోసం ఆగింది. 1962 జూన్ 18న అమెరికాలోని వైట్ శాండ్స్ నుంచి రికార్డో జియకోని బృందం ఒక చిన్న రాకెట్‌ను పంపింది. చంద్రుడి మీద నుంచి ఎక్స్‌రేలు వస్తాయేమో చూడాలన్నది ఉద్దేశం. గాలి పైపొరను దాటి పరికరం పనిచేసింది దాదాపు ఆరు నిమిషాలు. చంద్రుడి సంగతి తేలలేదు గానీ, వృశ్చిక రాశి వైపు ఎవరూ ఊహించనంత ఎక్స్‌రే కాంతి కనిపించింది. సౌరకుటుంబానికి ఆవల దొరికిన మొట్టమొదటి ఎక్స్‌రే నక్షత్రం అదే. ఆరు నిమిషాల చూపుతో ఒక శాస్త్రం పుట్టింది. జియకోనికి 2002లో నోబెల్ వచ్చింది.

ఎక్స్‌రేల కోసమే తయారైన తొలి ఉపగ్రహాన్ని 1970 డిసెంబరు 12న కెన్యా తీరంలోని సముద్ర వేదిక నుంచి ఎగరేశారు. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం కాబట్టి ‘ఉహురు’ అని పేరు పెట్టారు. స్వాహిలీ భాషలో స్వేచ్ఛ అని అర్థం. ఉర్దూ తెలిసిన పాఠకులకు ‘హుర్రియత్’ గుర్తుకు రావాలి. రెండు మాటలకూ మూలం ఒకే అరబ్బీ పదం.

ఈ కథలో మన హైదరాబాద్‌కూ చోటుంది. బాగా చురుకైన ఎక్స్‌రేలను పట్టుకోవడానికి రాకెట్టే అక్కర్లేదు, 35, 40 కిలోమీటర్ల ఎత్తుకు పోయే బెలూన్ చాలు. ఆ ఎత్తున గాలిలో 99 శాతానికి పైగా కిందే ఉండిపోతుంది. 1960ల చివరి నుంచి టాటా మౌలిక పరిశోధనా సంస్థ వాళ్ళు హైదరాబాద్ నుంచి ఇలాంటి బెలూన్లు ఎగరేస్తూ ఆకాశపు ఎక్స్‌రేలను కొలిచారు. ఈసీఐఎల్ దగ్గర వాళ్ళ బెలూన్ కేంద్రం ఇప్పటికీ ఉంది. హైదరాబాదే ఎందుకంటే, మన ఊరు భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. ఇక్కడ భూమి అయస్కాంత శక్తి, తక్కువ వేగం ఉన్న విశ్వకిరణాలను పైనే అడ్డుకుంటుంది. దాంతో పరికరాల్లో అనవసరపు రొద తగ్గుతుంది. సంతలో గుసగుస వినపడదు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినపడుతుంది కదా! పని అయ్యాక పరికరాల పెట్టె పారాచూట్‌తో ఏ జిల్లా పొలాల్లోనో దిగుతుంది. తెలంగాణ జిల్లాల్లో ఉన్నవాళ్ళకు పత్రికల్లో వచ్చే ఆ ప్రకటన తెలిసే ఉంటుంది: పెట్టె కనిపిస్తే విప్పవద్దు, పోలీసులకు చెప్పండి అని. లోపల ఏముంటుందోనని అడిగేవాళ్ళకు ఇదీ జవాబు.

ఇక ఇబ్న్ రిద్వాన్ నక్షత్రం దగ్గరికి వద్దాం. అది అసలు కొత్తగా పుట్టిన నక్షత్రం కాదు, చచ్చిపోయిన నక్షత్రం. ఇంధనం అయిపోయి, భూమంత పరిమాణానికి కుదించుకుపోయిన ఒక తెల్ల మరుగుజ్జు తార బాంబులా పేలిపోయింది. దీన్ని సూపర్‌నోవా అంటాం. అది మనకు దాదాపు 7 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి, పేలుడు జరిగింది 1006కు 7 వేల ఏళ్ళ ముందు. ఆ వెలుగు కైరోకు చేరిన రాత్రి మాత్రం అది. ముక్కలు ఇంకా పరుగెడుతూనే ఉండాలి. ఎక్కడ? పాత రాతలు చెప్పిన ప్రాంతంలో వెతుకుతూ 1965లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుతో దాని శిథిలాన్ని గుర్తించారు. కంటికి కనిపించదు గానీ, ఆకాశంలో నిండు చంద్రుడి వెడల్పంత ఉన్న గుండ్రటి గుల్ల అది. అసలు కొలతలో అడ్డంగా 60 కాంతి సంవత్సరాలు.

1970ల్లో దాని నుంచి ఎక్స్‌రేలు కూడా వస్తున్నాయని తెలిసింది. అందులో వింతేమీ లేదు. పేలుడు తాకిడికి గ్యాసు కోటి డిగ్రీలకు పైగా వేడెక్కితే ఎక్స్‌రేలు వస్తాయి. అయితే వేడి గ్యాసు నుంచి వచ్చే ఎక్స్‌రేలను శక్తివారీగా విడదీసి చూస్తే అందులో ఆక్సిజన్, సిలికాన్, ఇనుము తమ తమ వేలిముద్రలు వేసి ఉంటాయి. కొన్ని శక్తుల దగ్గర పదునైన శిఖరాలు కనిపిస్తాయి. ఈ శిథిలంలో ఆ ముద్రలు సరిగా కనిపించలేదు. నున్నటి వాలులా ఉంది. ఎందుకో ఏళ్ళ తరబడి తేలలేదు. కొందరు ఒక కారణం ఊహించారు గానీ రుజువు లేదు. అప్పటి పరికరాలు మొత్తం శిథిలాన్ని కలిపి చూస్తున్నాయి. ఏ కాంతి ఏ మూల నుంచి వస్తోందో విడదీయలేకపోయాయి.

ఆ పని జపాన్ ఉపగ్రహం ‘ఆస్కా’ చేసింది. 1993లో ఎగిరిన దీనిలో ఎక్స్‌రే ఖగోళానికి తొలిసారిగా సీసీడీ కెమెరాలు వాడారు. ఒక్కో ఎక్స్‌రే కణం ఎక్కడ పడింది, దాని శక్తి ఎంత అన్న రెండూ ఆ కెమెరా ఒకేసారి చెబుతుంది. 1995లో ఫలితం వచ్చింది. గుల్ల నడిమి భాగంలో మూలకాల వేలిముద్రలు చక్కగా ఉన్నాయి. అది వేడి గ్యాసే. కానీ ఈశాన్యం, నైరుతి అంచుల్లో రెండు కుండలీకరణ గుర్తుల్లా మెరిసే చోట ఏ ముద్రా లేదు. అది వేడి వల్ల వస్తున్న కాంతి కాదు. అయస్కాంత క్షేత్రంలో గిరికీలు కొట్టే ఎలక్ట్రాన్ల నుంచి మాత్రమే అలాంటి నున్నటి కాంతి వస్తుంది. అది ఎక్స్‌రే స్థాయికి చేరాలంటే ఒక్కో ఎలక్ట్రాన్‌కు కోటి కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల లెక్కలో శక్తి ఉండాలి. మనిషి కట్టిన అన్నిటికంటే పెద్ద యంత్రం, జెనీవా దగ్గరి సెర్న్ సొరంగం, ప్రోటాన్‌కు ఇవ్వగలిగింది ఏడు లక్షల కోట్ల లోపే. అంటే ఇబ్న్ రిద్వాన్ చూసిన నక్షత్రపు అంచు, ఈ రోజుకీ ఆగకుండా తిరుగుతున్న కణాల కార్ఖానా. చిరునామా దొరకడం మొదలైంది ఇక్కడే.

ఎలా తిరుగుతోంది ఆ కార్ఖానా? పేలుడు అల సెకనుకు దాదాపు 5 వేల కిలోమీటర్ల వేగంతో చుట్టూ ఉన్న పలచటి గ్యాసును తోసుకుపోతోంది. ముందుకొస్తున్న బ్యాటుకు తగిలిన బంతి, వచ్చినదానికంటే వేగంగా పోతుంది గదా. ఎలక్ట్రాన్ ఆ అల ముఖానికి తగిలి అవతలికి పోతుంది, చిక్కుపడిన అయస్కాంత క్షేత్రం దాన్ని వెనక్కి తిప్పి పంపుతుంది, మళ్ళీ అలకు తగులుతుంది. ప్రతి సారీ కాసింత శక్తి కలుస్తుంది. వందల ఏళ్ళు ఇలా ఆడితే ఎక్కడికో చేరుతుంది. తర్వాత చంద్రా టెలిస్కోపు ఆ అంచులను దగ్గరగా ఫోటో తీస్తే, అవి వెంట్రుకల్లాంటి సన్నటి చారలుగా తేలాయి. అంత శక్తి ఉన్న ఎలక్ట్రాన్ దాన్ని త్వరగా కాంతిగా పోగొట్టుకుంటుంది, అందుకే పుట్టిన చోటి నుంచి ఎంతో దూరం పోకముందే ఆరిపోతుంది. చార సన్నగా ఉందంటే సరుకు అక్కడికక్కడే తయారవుతోందన్నమాట.

చంద్రా గురించి రెండు మాటలు. లాహోర్‌లో పుట్టిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు మీద 1999 జులై 23న దాన్ని పంపారు. ఎక్స్‌రేను మామూలు అద్దానికి ఎదురుగా పెడితే అది అద్దంలోకి దూరిపోతుందే గాని వెనక్కి రాదు. చెరువులో చిల్లపెంకును ఏటవాలుగా విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుంది, నిలువునా విసిరితే మునిగిపోతుంది. అదే సూత్రం. చంద్రా అద్దాలు గిన్నెల్లా ఉండవు, పీపాల్లా ఒకదానిలో ఒకటి దూర్చి ఉంటాయి. ఎక్స్‌రేలు వాటి లోపలి గోడలను రాసుకుంటూ పోయి కెమెరా దగ్గర కలుస్తాయి.

గామా కిరణాల్లో అత్యంత శక్తివంతమైనవి మరీ అరుదు. ఉపగ్రహం మీద చిన్న పరికరం పెట్టి ఎన్నాళ్ళు చూసినా చాలినన్ని దొరకవు. అందుకని గాలినే పరికరం చేసుకున్నారు. అలాంటి కిరణం గాలి పైపొరకు తగిలితే వేలాది కణాలు జల్లుగా కురుస్తాయి, వాటి వెంట ఒక నీలి మెరుపు పుడుతుంది. సెకనులో వంద కోట్ల వంతులు ఐదో పదో, అంతే దాని ఆయువు. నమీబియాలో ఉన్న టెలిస్కోపులు పెద్ద అద్దాలతో ఆ మెరుపును ఫోటో తీస్తాయి. వాటికి పెట్టిన పేరు ‘హెస్’, మన బెలూన్ హెస్ గారి గుర్తుగానే. కష్టమేమిటంటే విశ్వకిరణాలు కూడా ఇలాంటి మెరుపులే పుట్టిస్తాయి, అవి ఎన్నో రెట్లు ఎక్కువ. మెరుపు ఆకారం సన్నగా, తీరుగా ఉంటే గామా, చిందరవందరగా ఉంటే విశ్వకిరణం, అని ఒక్కొక్కటీ ఏరాలి. చీకటి రాత్రులే పనికొస్తాయి. ఇలా వంద గంటలకు పైగా చూశాక 2010లో ప్రకటించారు: 1006 నాటి శిథిలం నుంచి గామా కిరణాలు వస్తున్నాయి, అవీ సరిగ్గా ఆ ఈశాన్య, నైరుతి అంచుల నుంచే.

అయితే పని పూర్తయిందని చెప్పడం నిజాయితీ కాదు. ఈ శిథిలం దగ్గర రుజువైంది ఎలక్ట్రాన్ల సంగతి. విశ్వకిరణాల్లో అత్యధికం ప్రోటాన్లు అని ముందే చెప్పుకున్నాం. ఎలక్ట్రాన్లను పరుగెత్తించే అల ప్రోటాన్లనూ పరుగెత్తిస్తుందనుకోవడం సబబే, కానీ అనుకోవడం రుజువు కాదు. ఆ రుజువు మరో రెండు శిథిలాల దగ్గర దొరికింది. 2008లో ఎగిరిన ఫెర్మీ ఉపగ్రహం, ప్రోటాన్లు గ్యాసును గుద్దినప్పుడు మాత్రమే వచ్చే గామా కాంతి ఆకారాన్ని వాటిలో చూసిందని 2013లో ప్రకటించారు. అక్కడా ప్రోటాన్ల శక్తి మనకు వస్తున్న విశ్వకిరణాల పై మెట్టు దాకా పోలేదు. 2021లో చైనా కొండల మీది ‘లాసో’ కేంద్రం అంతకంటే ఎంతో శక్తి ఉన్న గామా కిరణాలను పన్నెండు చోట్ల నుంచి పట్టుకుంది. వాటిలో చాలా చోట్ల అసలు ఏ వస్తువు ఆ పని చేస్తోందో ఇంకా తేలలేదు. హెస్ ప్రశ్న సగమే తీరింది.

మన దేశమూ ఈ వెతుకులాటలో ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఎగిరింది. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,300 మీటర్ల ఎత్తున, 21 మీటర్ల అద్దం ఉన్న ‘మేస్’ గామా టెలిస్కోపును 2024 అక్టోబరు 4న ప్రారంభించారు. భాభా అణు పరిశోధనా కేంద్రానికి తోడుగా దాన్ని తయారుచేసినవాళ్ళలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉంది. 1006 శిథిలం హాన్లే నుంచి చూస్తే నేలకు మరీ దగ్గరగా ఉంటుంది, కాబట్టి మేస్‌కు అది అంతగా అందదు. దానికి అందేది మరొకటి ఉంది. 1054లో వృషభ రాశి వైపు మరో సూపర్‌నోవా వెలిగింది. దాని శిథిలమే పీత నీహారిక. అందులో సెకనుకు ముప్పైసార్లు తిరిగే ఒక నక్షత్రం ఉంది. ఆ నక్షత్రపు ఎక్స్‌రేలు ఏ దిశలో కంపిస్తున్నాయో ఆస్ట్రోశాట్ కొలిచిన ఫలితం 2017లో వచ్చింది.

1054 నాటి ఆ వెలుగు గురించి అరబ్బీలో రాసినవాడు బాగ్దాద్ క్రైస్తవ వైద్యుడు ఇబ్న్ బుత్లాన్. ఈయనకూ ఇబ్న్ రిద్వాన్‌కూ జగడం. చదువు గురువు దగ్గర నేర్వాలా, పుస్తకంలో నేర్వాలా అని ఇద్దరూ గ్రంథాలు రాసుకుని మరీ తిట్టుకున్నారు. గురువుకు ఇచ్చేందుకు చేతిలో చిల్లిగవ్వ లేక చదువుకున్న మనిషి ఏ పక్షమో వేరే చెప్పాలా? ఒకరి నక్షత్రం ఒకరికి తెలుసో లేదో గానీ, ఈనాటి టెలిస్కోపులు ఇద్దరి నక్షత్రాలనూ చూస్తున్నాయి.

చూడాలనుకునేవాళ్ళకు: మే నెల మొదట్లో, అర్ధరాత్రి వేళ, హైదరాబాద్‌లో ఏ మేడ మీదో నిలబడి తిన్నగా దక్షిణానికి తిరగండి. నేలకు దగ్గరగా పక్కపక్కనే రెండు ప్రకాశవంతమైన నక్షత్రాలు ఉంటాయి. వాటి నుంచి పైకి, కొంచెం ఎడమకు, నేల నుంచి ఆకాశం నడినెత్తికి ఉన్న ఎత్తులో మూడో వంతు దగ్గర చూపు నిలపండి. అక్కడ కంటికి ఏమీ కనిపించదు. ఇబ్న్ రిద్వాన్ చూసిన చోటు అదే.